ఉచితపు మందునకు ధర



నందిగామలోను, జగ్గయ్యపేటలోను ప్రభుత్వ వైద్యశాలలు కలవు. అచ్చట చీటీకిగాని, మాత్రలకుగాని రోగి సొమ్మీయ నక్కరలేదు. అయినను మిరపకాయల కోత కాలమున జ్వరము తగిలిన కూలితల్లి మొదటి దినముననే అచ్చటికి పోదు. ఏల? ఆనాటి కూలి పోవును. వెంట వచ్చు కూతురి కూలియు పోవును. పల్లెనుండి ఆటో బాడుగ, మధ్యాహ్నము ఇరువురకు తిండి, ఇవియన్నియు ఆ ఉచితపు మందునకు ధరయే. అందుచేత సాయంకాలము ఊరిలోని ఆర్.ఎం.పి. వైద్యునివద్ద సూది వేయించుకొని, తెల్లవారగనే చేనికి పోవును. ఆమెను అజ్ఞానురాలని నిందించువారు ఈ లెక్క వేసి చూడరు. అదే జ్వరము మోతుబరి యింట వచ్చినచో వెంటనే విజయవాడకు కారు కదలును. జ్వరమొక్కటియే, అది పట్టుబడు దినము వేరు.

పేదయిల్లే చికిత్సకు తగదని పూర్వము పెక్కుమంది తలచెడివారు. 1956లో మదరాసునందు క్షయచికిత్సా కేంద్రము వెలసినది. అచ్చటి వైద్యులు కొందరు రోగులను శానిటోరియములో నుంచి, కొందరికి వారి యిరుకు ఇండ్లలోనే మందులిచ్చి చూచిరి. ఇంట మందు పుచ్చుకొన్నవారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరని 1959లో వెల్లడియైనది. మంచి తిండియు, విశ్రాంతియు వారికి తక్కువే. పూరిపాకలోని దేహమును మందును స్వీకరించును. దానిని ఆ గుమ్మమువరకు విడువక చేర్చుటయే కష్టము.

ఈ మెట్టలోనే, తిరువూరు దాపున, ఏ.కొండూరు మండలమున్నది. అచ్చటి లంబాడీ తండాలలో మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. ఏండ్లతరబడి వారు త్రాగినది బోరునీరు. నీరొక్కటియే కారణమా యను సంగతి శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. నీటిడబ్బాలు కొనగల ఇంటివారు ఆ విచారణ ముగియువరకు ఆగ నక్కరలేదు. తండావారికి అట్టి వెసులుబాటు ఎక్కడిది?

మూత్రపిండములు పూర్తిగా చెడినవానికి డయాలిసిస్ వారమునకు రెండు మూడు పర్యాయములు, ఒక్కొక్క మారు సుమారు నాలుగు గంటలు జరుగవలెను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినపిమ్మట ఆ చికిత్సకు అప్పుచేయవలసిన బాధ చాలవరకు తగ్గినది. రోగికి పింఛనును ఇచ్చుచున్నారు. మేలే. కాని తోడుపోవు భార్య తెల్లవారుజామున వండిపెట్టి, బస్సుకొరకు నిలిచి, చీకటిపడిన పిదప ఇల్లు చేరును. వారమునకు ఆమె చేనికి పోగలిగినవి మూడు దినములో, నాలుగో.