తలలో జడలు కడితే



మా పెదకూరపాడుకు అమరావతి అమరేశ్వరుడు దగ్గరే. శివుణ్ణి జటాధారి అంటాం. అందుకే ఎవరి తలైనా జడలు కడితే చేతులు జోడిస్తాం. కత్తెర తాకనివ్వం.

మా మేనత్తకూ అలాగే జడలు కట్టాయి. ఎందుకు కడతాయి? దువ్వకపోతే, రాలిన వెంట్రుకలు ఉన్నవాటిలోనే చిక్కుకుంటాయి. నూనె, చెమట, దుమ్ము చేరి గట్టిపడతాయి. ఏ తలకైనా జరిగేదే.

ఉంచుకుంటే శుభ్రంగా ఉంచుకోవాలి. అత్తకు వారం వారం తలంటేవాళ్లం. కుంకుడు రసం వడకట్టి, మాడుకు పట్టించి, బాగా కడిగేవాళ్లం. గట్టిగా పిండి ఎండలో ఆరబెట్టేవాళ్లం. పూర్తిగా ఆరాలి. మళ్లీ చెబుతున్నా, పూర్తిగా ఆరాలి. తడి జడ ముడేస్తే లోపల బూజు పడుతుంది. వాసన, దురద మొదలవుతాయి.

బరువుకు మెడ నొప్పి పుడితే కత్తిరించుకోవచ్చు. వెంట్రుకకు నొప్పి తెలియదు. మనసు ఒప్పకపోతే కోటప్పకొండలో తలనీలాలుగా ఇవ్వండి. అది మన పల్నాటి ఆచారమే కదా.

ఒక్కమాట. జడ కట్టింది, ఎల్లమ్మ పిలిచిందంటూ ఆడపిల్లల్ని జోగినులుగా వదిలేసిన ఊళ్లున్నాయి. అది ఘోరం. 1988 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో నేరం కూడా. అలాంటిది మీ కంటపడితే, వెంటనే 1098కి ఫోన్ చేయండి.