పంచ పరమేశ్వర్: పగపట్టిన మనస్సు, న్యాయపీఠము

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను ఎన్నుకొన్నది ప్రేమ్‌చంద్ 1916లో ప్రకటించిన 'పంచ పరమేశ్వర్' అను హిందీ కథ. ఇంట తెలుగును, వీధిలో వేరొక భాషను పలుకు మనకు పొరుగు భాషలోని మంచి కథ పరాయిది కాదు.

జుమ్మన్ షేక్, అల్గూ చౌధరి ప్రాణమిత్రులు. ఇరువురును జుమ్మన్ తండ్రియొద్దనే చదివిరి. దస్తావేజు వ్రాయుటలో జుమ్మన్‌కు సాటి లేడు. అట్టివాని యింటనే అన్యాయము జరిగెను. వృద్ధురాలగు పినతల్లి తన ఆస్తిని అతనికి వ్రాసి యిచ్చెను. రిజిస్టరీ ముగియువరకు ఆమెకు ఆదరణ దొరకెను; పిదప అతని భార్య కరీమన్ సూటిపోటి మాటలును, అతని మౌనమును మిగిలెను. చదువు వచ్చినంత మాత్రమున న్యాయబుద్ధి రాదని రచయిత మొదటనే తెలిపినాడు.

ముసలమ్మ పంచాయతీ పెట్టించి, అల్గూనే పెద్దగా కోరెను. అతడు స్నేహమును ప్రక్కకు నెట్టి, ఆమెకు నెలనెల ఖర్చు ఇయ్యవలెననియు, కాదన్నచో దానపత్రము చెల్లదనియు తీర్పు చెప్పెను. ఊరు మెచ్చెను, జుమ్మన్ పగపట్టెను. ఆ పగలో అసూయ పాలు లేకపోలేదు. తన పరాభవమే మిత్రునికి కీర్తి యగుటను ఏ మనస్సు సులభముగా ఓర్చుకొనును?

తరువాత అల్గూ ఎడ్లజతలో ఒకటి చచ్చెను. జుమ్మనే విషము పెట్టించెనని అల్గూ అనుమానించెను. న్యాయము చెప్పినవాని మనస్సు సైతము మలినము కాగలదని ఇచట గమనింపవలెను. రెండవ ఎద్దును సమ్‌ఝూ సాహు 150 రూపాయలకు అరువుగా కొని, మేత, విశ్రాంతి లేకుండ బండి లాగించి చంపెను, సొమ్ము ఇయ్యననెను. మరల పంచాయతీ కూడెను. జుమ్మన్ పగను నమ్ముకొనియే సాహు అతనిని పెద్దగా ఎన్నుకొనెను. కాని ఆ పీఠముపై కూర్చుండినంతనే జుమ్మన్‌కు తన బాధ్యత స్ఫురించెను. కొన్నపుడు ఎద్దునకు రోగము లేదు గనుక పూర్తి వెల చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. మిత్రులు కౌగిలించుకొనిరి.

పీఠము ఎక్కిన ప్రతివాడును ఇట్లు మారునా యని మీరు అడుగవచ్చును. మారడు. జుమ్మన్ మారుటకు అల్గూ తీర్పే కారణమని నా అభిప్రాయము. తనకు నొప్పి కలిగించినదైనను, నిష్పక్షపాతమగు తీర్పు ఎట్లుండునో అతడు కన్నులార చూచియుండెను.

అమ్మలారా, అయ్యలారా! పిల్లలు తగవులాడి యింటికి వచ్చినపుడు ఆ పీఠము మనది. పొరుగు బిడ్డకు ఎక్కువ మార్కులు వచ్చిననాడు మనము పలుకు మాటలను మన బిడ్డ వినుచుండును. ఈ కథను ఇంట తెలుగులో చెప్పుడు. జుమ్మన్ తీర్పునకు ముందు ఆపి, నీవైతే ఏమి చెప్పుదువని బిడ్డను అడుగుడు. ఆ జవాబును ఓపికతో వినుడని కోరుచు విరమించుచున్నాను.