శనగ ఎండుతెగులు: నేలలోని బూజు తెగలు



ఏపుగా పెరిగిన శనగచేనిలో అక్కడక్కడ కొన్ని మొక్కలు తలలు వాల్చి, కొలది దినములలోనే ఎండిపోవుట మీలో పెక్కుమంది చూచియుందురు. నేలలో పదును చాలలేదని కొందరును, వేరుపురుగు పట్టినదని కొందరును తలంతురు. అట్టి మొక్క నొకదానిని పెరికి, వేరును కాండపు మొదలును నిలువున చీల్చి చూడుడు. వేరు పైకి కుళ్ళినట్లు లేక, లోపల మాత్రము ముదురు గోధుమరంగు చార కనబడినచో అది ఎండుతెగులు. వేరు పీల్చిన నీటిని పైకి కొనిపోవు సన్నని నాళములలో ఒక బూజు అల్లుకొని, ఆ దారులను మూసివేయును. నేలలో తేమ యుండియు మొక్క దప్పికతో చచ్చును.

ఈ బూజునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫ్యుసేరియము ఆక్సిస్పోరము. దీని వంశము చాల పెద్దది. అందు ఒక శాఖ శనగను, ఒకటి అరటిని, ఒకటి టొమాటోను పట్టును. కందిని ఎండించునది దీనికి దగ్గరి చుట్టము. మన నెల్లూరు సీమలో మెట్టచేలలో కంది, శనగ. పెన్న కాలువల క్రింద వరి కోసిన పిదప మినుము, పెసర. సముద్రపుటొడ్డు ఇసుకనేలలలో వేరుశనగ పండించుచున్నారు. ఈ పైరులన్నిటికిని నేలలో కాపురముండు బూజుల బాధ కలదు. అయినను నేడు శనగను గూర్చియే ముఖ్యముగా చెప్పెదను. ఏలయన, ఈ తెగులును గూర్చిన గొప్ప పరిశోధన మన తెలుగునేల మీదనే, హైదరాబాదునకు చేరువనున్న పటాన్‌చెరువులో జరిగినది.

అచ్చట 1972లో మెట్టపైరుల కొరకు అంతర్జాతీయ పరిశోధనా సంస్థ, అనగా ఇక్రిశాట్, వెలసినది. ఆ సంస్థలోని హవారే, నేనే అను శాస్త్రజ్ఞులు 1982లో ఒక విషయమును వెల్లడించిరి. హైదరాబాదు, కాన్పూరు, గురుదాస్‌పూరు, హిస్సారు ప్రాంతముల నుండి వచ్చిన శనగ బూజులు చూపునకు ఒక్కటే. సూక్ష్మదర్శినిలో చూచినను భేదము తెలియదు. కాని పది రకముల శనగలను వరుసగా విత్తి, ఒక్కొక్క బూజును వాటిపై ప్రయోగింపగా, ఒక బూజునకు చచ్చిన రకము మరియొక బూజునకు బ్రతికినది. ఏ బూజు ఏ రకములను చంపునో చూచి, మన దేశములో నాలుగు తెగలు కలవని వారు నిర్ణయించిరి. ప్రపంచమంతట కలిసి నేటికి ఎనిమిది తెగలు గుర్తింపబడినవి. కావున ఒక ప్రాంతమున తెగులునకు ఓర్చుకొన్న విత్తనము వేరొక ప్రాంతమున ఓర్చుకొనునని నమ్మరాదు.

మొక్కలో ఈ ఓర్పు ఎట్లు కలుగును? తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు వచ్చినట్లే, మొక్కల గుణములును జన్యువుల మూలమున సంక్రమించును. మన హైదరాబాదు తెగను ఎదిరించుటకు శనగలో కనీసము మూడు జన్యువులు కలవని పటాన్‌చెరువులో తేలినది. వాటిలో ఏ ఒక్కటి యున్నను మొక్క చావు తప్పదు గాని, కొంత ఆలస్యమగును. ఏ రెండు కూడినను మొక్క పూర్తిగా నిలుచును. ఆలస్యముగా వాడు చేను రైతును మోసగించును. అది కొంత గింజ నిచ్చును గనుక తెగులు లేదనుకొందుము. నేలలో మాత్రము బూజు పెరుగుచునే యుండును.

బూజు కూడ ఊరకుండదు. దీనికి ఆడ, మగ కలయిక యున్నట్లు ఇంతవరకు కనుగొనబడలేదు. తనవంటి కణములను తానే లెక్కలేనన్ని పుట్టించుకొనును. ఆ పుట్టుకలో ఎప్పుడో ఒకప్పుడు జన్యువులలో చిన్న మార్పు కలుగును. ఊరంతయు ఏండ్ల తరబడి ఒక్కటే రకమును విత్తినచో, ఆ రకమును చంపగల కణమే మిగిలి వర్ధిల్లును. అంతేకాదు. టొమాటోను పట్టు శాఖలో, తెగులు కలిగించు జన్యువులు గల క్రోమోజోము ఒక బూజునుండి మరొక నిరపాయమైన బూజునకు చేరి, దానిని గూడ హానికరముగా మార్చగలదని 2010లో వెల్లడియైనది. ఇట్టి శత్రువును ఒక్క విత్తనముతో శాశ్వతముగా జయింపజాలము.

1999లో విడుదలయిన జేజీ-11 అను శనగ రకము ఎండుతెగులునకు ఓర్చి, మన రాష్ట్రమున రైతుల మన్ననను పొందినది. 2013లో శనగ జన్యుక్రమము చాలవరకు చదువబడినందున, ఓర్పునిచ్చు జన్యువులను కూర్చి క్రొత్త రకములను చేయుట మునుపటికంటె సులభమైనది. మంచి విత్తనము తప్పక కావలయును. కాని దానిని కాపాడవలసినది సేద్యపు పద్ధతి.

ఇక్కడనే పెద్దల బాధ్యత కలదు. ఈ బూజు దట్టమైన పొర కప్పుకొని, శనగ లేకున్నను ఆరేండ్లవరకు నేలలో బ్రతికియుండగలదు. ఏటి కౌలునకు చేను పుచ్చుకొన్న రైతు ఆ యేటి రాబడినే చూచుకొనును. మరుసటి యేడు వచ్చినవాడును శనగయే విత్తును. కౌలు ఒక్క యేడు, తెగులు ఆరేండ్లు! భూమి గలవారు కౌలును నాలుగైదేండ్లకు వ్రాసి, జొన్నవంటి ధాన్యపు పైరుతో మార్పిడి చేయవలెనని ఒడంబడిక చేసికొన్నచో ఇరువురికిని మేలు. ఒకటి రెండేండ్ల మార్పిడితో బూజు నశింపదు గాని, దాని బలము పెరుగకుండును.

తెగులు సోకిన చేని గింజను విత్తనమునకు ఉంచరాదు. బూజు గింజతోకూడ పోవును. ఆ చేనిలో దున్నిన నాగలిని, ట్రాక్టరు గొర్రును మట్టి కడిగిన పిమ్మటనే మరియొక చేనిలో దింపవలెను. ట్రైకోడెర్మా యను మేలుచేయు బూజు పొడిని కిలో విత్తనమునకు 10 గ్రాముల చొప్పున పట్టింపవలెను. ఎకరమునకు 90 కిలోల చివికిన పశువులయెరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ఈ పొడి కలిపి, నీడన తడి ఆరకుండ వారము పదిదినములు మాగనిచ్చి చేనిలో చల్లినను మంచిది.

తీరపు వేరుశనగ రైతులకు ఒక మాట. మొక్క మొదట తెల్లని దారములును, ఆవగింజలవంటి గుండ్లును కనబడినచో అది ఎండుతెగులు కాదు, స్క్లెరోషియము అను వేరొక బూజు. ఆ గుండ్లే దాని విత్తనములు. అది శనగ బూజువలె ఒక్క పైరునే ఎన్నుకొనదు. వందలకొలది జాతుల మొక్కలను పట్టును. గాన ధాన్యపు పైరుతో మార్చుటతోపాటు, చచ్చిన మొక్కలను గుండ్లు రాలకముందే పెరికి కాల్చవలెను. లోతుగా దున్ని మిగిలినవాటిని అడుగున పడవేయవలెను.

తెగులు పేరు తెలియకుండ మందు కొనకుడు. ఎండిన మొక్కను వేరుమట్టితో గూడ తీసికొని వ్యవసాయాధికారికి చూపుడు. మీ ఊరి చేలలో ఏ యేట ఏ రకము విత్తిరో, ఎక్కడ ఎన్ని మొక్కలు ఎండెనో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. ఓర్చుకొనుచు వచ్చిన రకము ఎండుట మొదలిడినచో, క్రొత్త తెగ వచ్చెనేమో యని ముందుగా ఊరిని హెచ్చరించునది ఆ పుస్తకమే. సెలవు.