పనిముట్ల ఋణము

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు పలుకుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. మన యువతీయువకులలో పెక్కండ్రు నేడు హైదరాబాదునను, బెంగుళూరునను, సముద్రముల కావలను సాఫ్టువేరు వ్రాసి జీవించుచున్నారు. వారి జీతములను గూర్చి ముచ్చటించువారు కలరు గాని, వారి చేతి పనిముట్లను గూర్చి ప్రసంగించువారు అరుదు. ఆ పనిముట్ల చరిత్రమును, వానియెడ మనకు గల ఋణమును విన్నవింప బూనితిమి.

పూర్వము ప్రతి వృత్తియందును పనితనపు మర్మము ఇల్లు దాటకుండెడిది. తండ్రి కొడుకునకు చెప్పును; అల్లునకు చెప్పుటకు సంకోచించును. ఆ రహస్యము కుటుంబమును పోషించిన మాట నిజమే. కాని వారసులు లేని నేర్పరితోడనే నేర్పును నశించుట మన పెద్దలెఱిగినదే. సాఫ్టువేరునందు కొందఱు దీనికి విరుద్ధమగు త్రోవ ద్రొక్కిరి. 1983లో అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. ప్రోగ్రామును ఎవరైనను నడపవచ్చును, దాని సోర్స్ కోడును చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును అనునది దాని సూత్రము. ఇంచుమించుగా ఇట్టి సాఫ్టువేరునకే 1998లో ఓపెన్ సోర్స్ అను పేరు కలిగినది.

1991లో ఫిన్లండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. వేలకొలది జనులు దానిని దిద్దుచుండగా, ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు మార్చిరో లెక్క వ్రాయు సాధనము అవసరమయ్యెను. అందులకై వాడుచుండిన ఒక వాణిజ్యసాధనము 2005లో ఉచితముగ లభింపకపోవుటచే, ఆయన కొలది దినములలోనే గిట్ అను దానిని నిర్మించి, ఆ యేడే దాని సంరక్షణమును జూనియో హమానోకు అప్పగించెను. నేడు మన పిల్లలు ఉద్యోగమున చేరినతోడనే చేతబట్టు పనిముట్టు తఱచుగా ఇదియే.

అట్లే హాలండు దేశీయుడగు బ్రామ్ మూలెనార్ 1991లో విమ్ అను ఎడిటరును లోకమున కొసగెను. మూల్యమడుగలేదు; తృప్తి కలిగినచో ఉగాండాలోని బీదబాలురకు సాయపడుడని మాత్రము కోరెను. ఇంటికి వసారా దింపుకొన్నట్లు, దానికి ఎవరికి వలసిన హంగులను వారు ప్లగిన్లుగా వ్రాసి తగిలించుకొందురు, పునాది కదలదు. 2023లో ఆయన స్వర్గస్థుడయ్యెను. సోర్స్ కోడు అందఱి యొద్దను ఉండుటచే, ఇతరులు దానిని పోషించుచునే యున్నారు. పనివాడు పోయినను పని నిలిచినది.

అయినను ఈ త్రోవ నిష్కంటకము కాదు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అను 11 పంక్తుల తునకను దాని కర్త ఉపసంహరింపగా, దానిపై ఆధారపడిన అనేక ప్రోగ్రాముల నిర్మాణము ఆగిపోయెను. 2024 మార్చిలో అంతకంటె భయంకరమైనది బయలుపడెను. ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనమును ఏండ్ల తరబడి ఒక్కడే జీతము లేక కాపాడుచుండెను. అలసిన అతనికి సాయపడు మిషతో ఒకడు రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి, సర్వర్లలో దొంగదారిని తెఱచు కోడును అందు చొప్పించెను. సర్వరులో ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమేల యని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు శోధింపగా గుట్టు రట్టయ్యెను. తలుపు తెఱచియుండుటచే దొంగ లోని కేతెంచెను, తెఱచియుండుటచేతనే పట్టుబడెను. కాని ఆ ఒంటరివానికి మంచివారి తోడు ముందుగనే లభించినచో ఆ మోసమునకు తావు తగ్గియుండెడిది.

కావున మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది: మన వసతిగృహములలో చదువు విద్యార్థులు, పట్టము పుచ్చుకొనులోగా, ఏదేని ఓపెన్ సోర్స్ సాధనమున ఒక్క దోషమునైనను సవరింపవలెను, లేదా దాని వాడుక విధమును తెలుగున వ్రాయవలెను. రెండవది: సాఫ్టువేరు వ్యాపారము చేయు మనవారు లైసెన్సులను చదివి పాటింపవలెను. ఎం.ఐ.టి. లైసెన్సు కర్తృత్వప్రకటనమును చెఱపవలదనును, జి.పి.ఎల్. మార్చిన ప్రోగ్రామును ఇతరులకిచ్చునపుడు సోర్స్ కోడును గూడ ఈయవలెననును. మూడవది: మన విద్యానిధినుండి ఏటేట కొంత మొత్తమును, మనవారు వాడు ఒక సాధనముయొక్క సంరక్షకులకు పంపవలెను.

కులస్థుల చందాను పరుల కేల యీయవలెనని కొందఱడుగవచ్చును. విమ్మును మనకిచ్చిన నాడు మూలెనార్ మన గోత్రమడుగలేదు. పుచ్చుకొనునపుడు లేని గిరిని ఇచ్చునపుడు గీయుట న్యాయమగునా? ఈ మూడింటిని తీర్మానములుగా పరిశీలింపుడని సభవారిని ప్రార్థించి విరమించుచున్నాము.