సుమో కింద పడి చచ్చినోడి పేరేంది?

(అర్ధవీడులో యువకుల సభలో చేసిన ప్రసంగం)



మొన్న మా బళ్ళో పిల్లకాయలు ఇంటర్వెల్లో ఆట ఆడుతున్నారు. ఒకడు తొడ కొట్టే రెడ్డి, ఇంకొకడు ఎదుటి రెడ్డి. మన మాదిగపల్లె పిల్లోళ్ళు నలుగురు మాత్రం గాల్లోకి ఎగిరి కిందపడి చచ్చేవాళ్ళు. ‘ఆ వేషం మీకెవరిచ్చార్రా?’ అంటే ‘టీవీలో అట్టనే గదా సార్’ అన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. దాని వెనకాలే ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’, ‘ఆది’. హాళ్ళలో ఆడి పోతే పోనీలే అనుకోవచ్చు. టీవీవాళ్ళు వాటినే తిప్పి తిప్పి మన ఇళ్ళల్లోకి తెస్తున్నారు. సీమంటే బాంబు, కొడవలి, సుమో. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మన మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే గనక ఆ బురద మనకూ అంటింది.

ఈ బొమ్మల్లో పెత్తందారుకి పేరుంది, వంశముంది. వాడి కోసం చచ్చే జీతగాడికి పేరు లేదు. వాడి పెండ్లాం ఏడ్చే సీను లేదు. వాడి బోరు ఎండిందా, ఫ్లోరైడు నీళ్ళకి వాళ్ళమ్మ కాళ్ళు వంకరపోయాయా, ఎవడిక్కావాలి?

అమెరికాలోనూ ఇంతే. అక్కడ అపలాచియా అని పేదల కొండసీమ ఉంది. హాట్‌ఫీల్డ్, మెకాయ్ అనే రెండు కుటుంబాల పగల మీద 2012లో టీవీ సీరియల్ తీశారు. ఆ టగ్ ఏటి ఒడ్డునే, మేట్‌వాన్‌లో, 1920లో బొగ్గుగని కూలీలు సంఘం పెట్టారు. వాళ్ళను ఇళ్ళల్లోంచి గెంటడానికి కంపెనీ తుపాకీ మనుషుల్ని దింపింది. ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ కూలీల పక్షాన నిలబడ్డాడు. మరుసటేడు ఆయన్ని కోర్టు మెట్ల మీదే కాల్చి చంపారు. అప్పుడు నల్లోళ్ళు, తెల్లోళ్ళు కలిసి వేలమంది కూలీలు తుపాకులు పట్టి బ్లెయిర్ కొండ మీదికి నడిచారు. ఇంటిపేరు అదే, ఏరూ అదే. టీవీకి మాత్రం పగ ముద్దు, సంఘం చేదు!

మనకు లేదా అట్టాంటి కథ? 1985 జూలైలో, అప్పటి మన జిల్లా కారంచేడులో, తాగేనీళ్ళ చెరువును మురికి చేస్తుంటే మనోళ్ళు అడిగారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. దానికి ఊరి మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినోళ్ళు చీరాల చేరి శిబిరం పెట్టారు, దళిత మహాసభ పుట్టింది. అందులో సుమోలు లేవు మరి, ఏ ఆదివారం వేస్తారో చూద్దాం!

తమ్ముళ్ళూ, ఒక పని చెయ్యండి. పెద్దోళ్ళ ముఠా తగాదాల్లో మన పల్లెలోళ్ళు ఎవరెవరు చచ్చారో ముసలోళ్ళని అడిగి రాయండి. పేరు, ఊరు, ఏ సంవత్సరం, పిల్లలెంతమంది, ఆ పెండ్లాం ఇప్పుడెట్ట బతుకుతోంది. కాయితం లేకపోతే పలక మీద రాయండి, మార్కాపురం పక్కనే ఉండి పలకలకి కరువేంది? వచ్చే మీటింగుకి తీసుకురండి. నేను నా పిల్లకాయల చేత చదివిస్తాను.