కప్పు కాఫీకి ఎంత విశ్వాసం?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



కాఫీ గురించి గృహిణులకు ఇంకొకరు చెప్పాలా? డికాషన్ ఎంతసేపు దిగాలో, పాలు ఒక పొంగుకే దించాలో రెండో పొంగు దాకా ఉంచాలో, ఎవరింటి శాస్త్రం వారిది. అంచేత ఇంట్లో కలుపుకునే కాఫీ జోలికి నేను పోను. ఊరూరా ఒకే పేరుతో, ఒకే రంగు గోడలతో, ఒకే రకం కుర్చీలతో వెలిసిన కాఫీ షాపులున్నాయే, వాటిలో ధర ఎందుకిలా పెరుగుతోంది, పెరిగినా మనం మళ్లీ అక్కడికే ఎందుకు వెడుతున్నాం అన్నది ఇవాళ్టి మాట.

"మనమెక్కడ వెడతామండీ, వెళ్లేది పిల్లలు గాని" అంటారేమో. మొదట పిల్లలే వెళ్లారు, నిజమే. ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు అలాంటి షాపులోకి తొంగి చూడండి. బ్యాంకు పని చూసుకుని వస్తూనో, మనవణ్ణి ట్యూషన్‌లో దింపి వస్తూనో, మన ఈడు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. ముందున్న కప్పు ఖరీదు చాలాచోట్ల 300 రూపాయలకు అటూ ఇటూ. దానిపైన 5 శాతం జి.ఎస్.టి.

ధరెందుకు పెంచారని అడిగితే, గింజల ధర పెరిగిందండీ అంటారు. అది అబద్ధం కాదు. ప్రపంచంలో కాఫీ ఎక్కువగా పండించే దేశం బ్రెజిల్, దాని తరువాత వియత్నాం. ఈ రెండు చోట్లా వర్షాలు మొహం చాటేసి పంట దెబ్బతింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్కు మార్కెట్టులో అరబికా గింజల ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. అంతకుముందు ఎన్నడూ అంత ధర లేదు. మన దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం విదేశాలకే ఎగుమతి అవుతుంది కనుక, అక్కడి ధర ఇక్కడి కొట్టులోకి రావడానికి ఎంతో కాలం పట్టదు. ఇందులో ఒక మంచి కూడా ఉందనుకోండి. అరకు ప్రాంతంలో ఒకటి రెండు ఎకరాల్లో, నీడచెట్ల కింద, మిరియాల తీగలతోపాటు కాఫీ పండించే గిరిజన కుటుంబాలకు కొనుగోలు ధర పెరిగింది. ఆ పెరుగుదల మీద నాకేమీ ఫిర్యాదు లేదు.

కాని లెక్క వేసే అలవాటు మనకుంది గదా, వేసి చూద్దాం. ఒక పెద్ద కప్పుకు పొడి 18 గ్రాములు పడుతుందనుకోండి. కిలో పొడి 600 రూపాయలున్నది ఏకంగా 1,200 అయిందనే అనుకుందాం. అప్పుడు కప్పులో పొడి ఖర్చు 11 రూపాయల నుంచి 22 రూపాయలవుతుంది. పెరిగింది 11 రూపాయలు. కప్పు ధర మీద 40, 50 రూపాయలు పెంచి, అదంతా బ్రెజిల్ కరువు మీద తోసేస్తే ఎలా?

మరి మిగతాది దేనికి? పెద్ద రోడ్డు మీదో, మాల్‌లోనో ఉన్న ఆ గది అద్దెకు. కరెంటుకు, పనివాళ్ల జీతాలకు, పాలకు, ఆ యంత్రానికి. ఒక్క మాటలో, మనం కూచున్న కుర్చీకి. గంటన్నర కూచున్నా ఎవరూ లెమ్మనరు. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. పూర్వం మన హోటళ్లలో ఆడవాళ్లు కూచోవాలంటే "ఫ్యామిలీ రూము" అని ఒక మూల తెరకట్టి ఉండేది, అదీ ఇంట్లో మగవాళ్లు వెంట ఉంటేనే. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో చాయ్ ఎంత చవకైనా, ఒంటరిగా వెళ్లి కూచున్న ఆడది ఎక్కడో ఒకరు. ఒక ఆడమనిషి పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కతే ఒక కప్పుతో కూచుంటే ఎవరూ తిరిగి చూడని చోటు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి చెప్పండి? పార్కులో బెంచీ ఉంటే నీడ ఉండదు, నీడ ఉంటే నలుగురు కుర్రాళ్లుంటారు. అందుకే ఈ షాపులో ధర పెరిగితే పోయేది కాఫీ కాదు, ఆ గంటసేపు. అది వదులుకోవడం కష్టమని దుకాణదారుకూ తెలుసు. ధర పెంచేవాడి ధైర్యం అదే.

ఆ ధైర్యానికి తోడు ఇంకొకటి పెట్టుకున్నారు. దాని పేరు లాయల్టీ కార్డు. ఇప్పుడది కార్డు కూడా కాదు, ఫోనులో ఉంటుంది. లాయల్టీ అంటే విశ్వాసం. మనవైపు విశ్వాసమనే మాట కుక్కకు వాడతాం, లేకపోతే ఉప్పు తిన్నవాడికి వాడతాం. ఇక్కడ ఉప్పు తిన్నదీ మనమే, ఉప్పు ఖరీదు ఇచ్చిందీ మనమే, విశ్వాసం చూపవలసిందీ మనమే!

పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. కొన్నప్పుడల్లా పాయింట్లు వేస్తారు. ఇన్ని పోగయితే ఒక కప్పు ఉచితం. ఎన్ని పోగవ్వాలో నిర్ణయించేది వారు, మార్చేది వారు. అమెరికాలో స్టార్‌బక్స్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ఇలాగే మార్చింది. అంతవరకు 50 స్టార్లకు వచ్చే వేడి కాఫీ 100 స్టార్లయింది. ఐసు కాఫీకి 150 నుంచి 100కు తగ్గించారు లెండి, న్యాయంగా అదీ చెప్పాలి. కాని రోజూ వేడి కాఫీ తాగి స్టార్లు దాచుకున్నవారి దాపుడు ఒక్కరోజులో సగమైంది. కప్పు ధర పెంచితే బోర్డు మీద కనిపిస్తుంది. పాయింటు విలువ తగ్గిస్తే ఎవరికి కనిపిస్తుంది?

ఇంకో తమాషా ఉంది. ఈ ఫోను ఖాతాలో ముందుగా డబ్బు వేసి ఉంచమంటారు, అలా వేస్తే పాయింట్లు ఎక్కువ. అదే సంస్థ దగ్గర ఖాతాదారులు ముందుగా వేసి ఇంకా వాడని సొమ్ము 100 కోట్ల డాలర్లకు పైగానే ఉంటుంది. అందులో ఇక ఎవరూ అడగరని తేలి, ఏటా ఆదాయంగా లెక్క రాసుకునేది దాదాపు 20 కోట్ల డాలర్లు. మన వీధి చివర కిరాణా కొట్లో "అరువు రేపు" అని బోర్డుండేది. బోర్డు కిందనే మన పేరున ఖాతా పుస్తకమూ ఉండేది, ఒకటో తారీకు దాకా ఆగేవాడు. కాఫీపొడి కొట్టాయన అయితే మన గొంతు వినగానే పీబెర్రీ ఎంత, చికోరీ ఎంత కలపాలో అడగకుండానే మరలో పోసేవాడు. ధర పెరిగే ముందు, "అమ్మా, వచ్చేవారం పెరుగుతుంది, ఓ కిలో ఎక్కువ తీసుకెళ్లండి" అనేవాడు. అప్పుడు కొట్టువాడు మనకు అరువిచ్చాడు. ఇప్పుడు మనం కొట్టుకు అరువిస్తున్నాం, వడ్డీ లేకుండా.

1975లో బ్రెజిల్‌లో మంచు కురిసి తోటలు మాడిపోయాయి. 1977 నాటికి కాఫీ ధర పౌను 3 డాలర్లు దాటింది. అప్పుడు న్యూయార్కు నగరంలో వినియోగదారుల వ్యవహారాలు చూసే కమిషనరు ఎలినార్ గుగన్‌హైమర్ అనే ఆవిడ, కాఫీ మానండని జనానికి పిలుపు ఇచ్చింది. వాడకం తగ్గింది. ఆ ఏడాదే ధర దిగడం మొదలుపెట్టింది. పిలుపు ఒక్కదానివల్లే దిగిందని నేననను. కాని ఆ ఇల్లాళ్లు ఒక పూట మానాలనుకుంటే మానగలిగారు. పోగేసిన పాయింట్లు వచ్చేనెలతో చెల్లిపోతాయన్న బెంగ వారికి లేదు.

మరి ఆ షాపులకు వెళ్లడం మానేద్దామా? నేనైతే మానను. నెలకు రెండుసార్లు వెడతాను, ఆ డబ్బు కుర్చీ అద్దె అనుకుని ఇస్తాను. అద్దెకు పాయింట్లెందుకు? ఖాతాలో మాత్రం ముందుగా డబ్బు వెయ్యను. ఇప్పటికే పాయింట్లున్నవారు గడువు తేదీ చూసుకుని వాడేసుకోండి. పాయింట్లు నిండడానికి ఇంకో కప్పు కావాలని, అక్కర్లేని కాఫీ తాగకండి. చిన్న కప్పు కావాలని నోరు తెరిచి అడగండి, అడగకపోతే చేతికొచ్చేది పెద్దదే. బిల్లు అడుగున "సర్వీసు చార్జి" అని వేశారేమో చూడండి. మనల్ని అడగకుండా అది కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఉత్తర్వులిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి.

ఇంట్లో కాఫీ సంగతి ఎత్తనన్నాను గాని, ఒక్క ముక్క. గింజలు ప్రియమైనప్పుడు పొడిలో చికోరీ పాలు పెరగడం ఎప్పుడూ ఉన్నదే. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన. ఏది ఎంత శాతమో పొట్లం మీదే అచ్చువేస్తారు, చిన్న అక్షరాల్లో. పాత పొట్లం పారెయ్యకుండా ఉంచి, కొత్తదానితో ఒకసారి పోల్చి చూడండి. ధర అలాగే ఉండి అంకె మారిందంటే, మీకు తెలియకుండానే ధర పెరిగిందన్నమాట.

సెలవు.