థైరాయిడ్ గోలీతో ఏమైతది, ఏం కాదు

మన రాయికల్ సంఘాలల్ల పొదుపు పైసల లెక్క అయిపోంగనే మాట థైరాయిడ్ గోలీ మీదికే పోతది. అందుకే ఇయ్యాల దాని గురించే చెప్తున్నం.

గొంతు దగ్గరి గ్రంథి హార్మోను తక్కువ చేస్తే, ఆ తక్కువను ఈ గోలీ నింపుతుంది. అంతే, గ్రంథిని బాగు చేయదు. పానం మంచిగైందని మనంతట మనమే బంద్ పెడితే కథ మళ్లీ మొదటికొస్తది. ఒళ్లు తగ్గుతదని 50 మైక్రోగ్రాములది రెండు మింగుడు ఇంకా చెడ్డది. గుండె దడ వస్తది, చేతులు వణుకుతయి, నిద్ర పట్టదు. ముట్టు ఆగినోళ్లకు ఎముకలు గుల్లబారతయి. పక్కింటామె గోలీ అయితే ముట్టనే వద్దు.

బీడీలు చేసే మనకు లేవంగనే చాయ పడాలె. కానీ ఈ గోలీ పరిగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాలె. ఐరన్, కాల్షియం గోలీలకు 4 గంటల ఎడం ఉండాలె, లేకుంటే మందు ఒంటికి పట్టదు. నెల తప్పితే వెంటనే డాక్టరుకు చెప్పండి, డోసు పెంచవలసి రావచ్చు. భయపడి మాత్రం మానొద్దు.

డోసు మార్చినంక 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. సర్కారు దవాఖానల అడగండి, పైసలు పడవు. పరీక్ష సరిగ్గా వచ్చినా అలసట పోకపోతే డోసు పెంచమనకండి, రక్తం తక్కువుందేమో చూపించుకోండి. పొద్దందాక కూసుండి బీడీలు చుట్టిన నడుము నొప్పికి ఈ గోలీ ఏం చేస్తది?

వచ్చే మీటింగుకు రిపోర్టు కాయితాలు తెచ్చుకోండి, పరీక్ష తేదీలు కలిసి చూద్దాం.